ఆషాఢం వరకే

చెప్పాల్సింది ఒక్క మాట. "శ్రావణం వస్తోందమ్మా, వేరేవాళ్లు దిగుతున్నారు, ఇల్లు ఖాళీ చెయ్యాలి." అంతే. అందులో నోరు తిరగని మాట ఒక్కటీ లేదు. అయినా ఆ మాట చెప్పడానికి రత్నమాల సోమవారం పొద్దున్నే పై అంతస్తు ఎక్కి, తలుపు దాకా వెళ్లి, తలుపు తట్టకుండా అటునుంచటే డాబా మీదికి పోయి, తాడు మీద బట్టలేమీ లేకపోయినా ఉన్నాయేమో అన్నట్టు కాసేపు చూసి, కిందికి దిగి వచ్చేసింది.

భర్త హనుమత్ప్రసాద్ పేపర్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు, చెప్పావా అని. ఆ అమ్మాయి ఫోన్లో ఉందండీ అంది రత్నమాల. అబద్ధం. ఆ అమ్మాయి వాళ్ల భాషలో ఏదో పాట పాడుకుంటూ గిన్నెలు తోముకుంటోంది.

ఆడవాళ్లు ఆడవాళ్లు చెప్పుకుంటే గొడవ ఉండదు, నేను చెబితే కటువుగా ఉంటుంది అని ముందురోజు తేల్చేసింది ఈయనే. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ లోను కోసం వచ్చినవాళ్లకి మొహం మీదే కుదరదని చెప్పి పంపించిన మనిషి. ఇప్పుడు సొంతింట్లో కటువుతనం పనికిరాలేదు. పెళ్లాం ఉందిగా, మెత్తగా చెబుతుంది.

వాళ్ల ఇల్లు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే రోడ్డుకి లోపల, సందులో ఉంది. పాత ఇల్లు, లిఫ్టు లేదు, అందుకని అద్దె తక్కువ. అద్దె తక్కువ, మెట్రో దగ్గర, ఆసుపత్రులు దగ్గర. ఇంకేముంది, టులెట్ బోర్డు కట్టిన పూటే జనం. పై వాటాలోవాళ్లు జ్యేష్ఠం ఆఖర్లో, ఆషాఢం రాకముందే కొత్తింట్లో పడాలని హడావుడిగా ఖాళీ చేశారు. ఆ వారంలోనే దివ్యశ్రీ అనే అమ్మాయీ వాళ్లాయనా వచ్చి చూసుకుని, నచ్చి, అడ్వాన్సు కూడా ఇచ్చారు. ఇద్దరికీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. కాకపోతే ఆషాఢంలో దిగం ఆంటీ, శ్రావణంలో మంచిరోజు చూసుకుని పాలు పొంగించుకుంటాం అన్నారు. వాళ్లది సబబే. ఆషాఢంలో ఎవరు మాత్రం దిగుతారు?

మధ్యలో నెల ఖాళీ. అప్పుడే బ్రోకర్ సురేందర్ ఈ ఉపాయం చెప్పాడు. "ఊకెనే తాళం ఏసుకుంటరా ఆంటీ? ఒక ఫారిన్ మేడం ఉన్నది. ఆమెకు ఆషాఢం లేదు, శ్రావణం లేదు. నెల ఉంటది, పోతది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

నెలే అన్న సంగతి ఆమెకి చెప్పావా అని రత్నమాల అడగలేదు. హనుమత్ప్రసాదూ అడగలేదు. అడిగితే చెప్పలేదంటాడని ఇద్దరికీ తెలుసు.

అలా దిగింది రెహెమా. టాంజానియా పిల్ల. సముద్రం ఒడ్డున టాంగా అని వాళ్ల ఊరు. ఇక్కడికి ఫార్మసీ చదవడానికి వచ్చి, చదువయ్యాక, వాళ్ల దేశం నుంచి పంజాగుట్ట ఆసుపత్రులకి వచ్చే రోగుల పక్కన ఉండి డాక్టర్ల మాట వాళ్లకీ, వాళ్ల మాట డాక్టర్లకీ చెప్పే ఉద్యోగంలో కుదిరింది. తెలుగేమో ఆయాల దగ్గరా ఆటోవాళ్ల దగ్గరా నేర్చింది. ఇన్నేళ్లుగా హైదరాబాదులో ఉంటూ రత్నమాల నోటికి పట్టుబడని తెలంగాణ యాస ఈ పిల్ల నోట పలుకుతుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఆ గొంతు మెట్ల మీద వినపడితే చాలు, ఇంట్లో ఏ గదిలోకి పోవాలా అని చూస్తోంది.

మంగళవారం ఆ అమ్మాయే పిలిచింది, జర పైకి రండ్రి ఆంటీ, ఒకటి చూపిస్త అని. ఇదీ మంచిదే, చెప్పేయొచ్చు అనుకుని రత్నమాల ఈనెలు తీస్తున్న చిక్కుడుకాయల పళ్లెం చేత్తో పట్టుకునే మెట్లెక్కింది. చేతిలో ఏదో పని ఉంటే మాట తేలిగ్గా వస్తుందని ఆవిడ నమ్మకం.

రెహెమా తిన్నగా బాత్‌రూములోకి తీసుకెళ్లింది. గోడకి కొత్తగా రెండు స్టీలు కడ్డీలు బిగించి ఉన్నాయి, కమోడు పక్కన ఒకటి, షవరు కింద ఒకటి. నేల మీద డ్రిల్లింగు చేసిన తెల్లటి పొడి ఇంకా తుడవలేదు. వాళ్లమ్మ వస్తోంది. తుంటి ఎముక ఆపరేషను. తనే రోజూ పక్కన నిలబడి మాట చెప్పే డాక్టరు దగ్గర, తను పనిచేసే ఆసుపత్రిలోనే చేయిస్తోంది. ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు ఇక్కడే ఉండాలి, రోజూ నడిపించాలి, వారానికోసారి చూపించాలి. హోటల్లో పెట్టే స్తోమత లేదు. అందుకే ఆసుపత్రికి దగ్గర్లో ఇల్లు వెతికి వెతికి ఇక్కడికి వచ్చింది. టికెట్లు కొనేశారు, శ్రావణంలోనే.

కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కాళ్లు పైకెత్తి వేలాడి చూపించింది. "మా అమ్మ నా లెక్క సన్నగ లేదు. మస్తు గట్టిది. గోడ సుత గట్టిగ ఉండాలె కద."

కింద అంకుల్‌ని అడిగే వేయించిందట. నీ ఇష్టం అమ్మా అన్నాడట టీవీ చూస్తూ. ఉండనివ్వని ఇంట్లో గోడకి మేకు కొట్టుకోమన్నాడు మహానుభావుడు. రత్నమాలకి చెవుల దగ్గర వేడెక్కింది. మీరూ పట్టుకుని చూడమంటే పళ్లెం ఒక చేతిలోకి మార్చుకుని కడ్డీ పట్టుకుంది. కదల్లేదు. బాగుందమ్మా అంది. అనక ఏం చేస్తుంది?

వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పాత అద్దెవాళ్లు వదిలిపోయిన నూనె జిడ్డు ఒక్క పలక మీద లేదు. అంతా గీకి కడిగేసింది. పొద్దున్నే మెట్లు ఊడ్చేది కూడా తనే, పై నుంచి కింద గేటు దాకా. సముద్రం దగ్గర పుట్టిన పిల్లవి చేపలు వండుకోవా అని రత్నమాల ఏదో ఒకటి మాట్లాడాలని అడిగింది. కిందికి వాసన వస్తది కద ఆంటీ, బయట తింట అంది రెహెమా. మేం చేపలు తింటాం, మాకేం పట్టింపు లేదు అందామనుకుని ఊరుకుంది రత్నమాల. పోయే మనిషికి ఇప్పుడు ఆ సంగతి చెప్పడం ఎందుకు?

కిందికి వచ్చాక భర్త అడిగితే, వాళ్లమ్మ గురించి చెప్పింది. ఆయన, అందుకే తొందరగా చెప్పడం మంచిది, వేరే చోటు చూసుకుంటుంది కదా అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. ఈయన మాటలెప్పుడూ న్యాయంగానే ఉంటాయి, అదే ఇబ్బంది.

బుధవారం శ్రావణ శుక్రవారాలకి జాకెట్టు గుడ్డలు కొనడానికి అమీర్‌పేట వెళ్లింది. మెట్రో కింద జెరాక్స్ షాపు ముందు సురేందర్ రెండు ఫోన్లు పెట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాడి కుర్చీ, ఆఫీసూ అన్నీ ఆ స్టూలే. పక్కకి పిలిచి, ఆ అమ్మాయిని తెచ్చినవాడివి నువ్వే, ఖాళీ చెయ్యమని నువ్వే చెప్పు బాబూ అంది.

సురేందర్ తల గోక్కున్నాడు. తన నోట చెప్పించొద్దన్నాడు. ఈ అమ్మాయికి ఇళ్లు చూపించీ చూపించీ తనకే మొహం చెల్లడం లేదట. ఫోన్లో సరే అన్న ఓనరు మనిషిని చూడగానే ఇల్లు పోయింది అంటాడు. టులెట్ బోర్డు మాత్రం వాళ్ల తల మీదే ఊగుతుంటుంది. ఒకాయన నల్లోళ్లకు ఇయ్యనని ఆమె ముందరే అన్నాడు. తెలుగు రాదనుకున్నాడు.

"ఇప్పుడు ఇంకో ఇల్లు దొరకదా?" అని అడిగింది రత్నమాల.

"శ్రావణంల మనోళ్లే లైన్ల నిలవడతరు ఆంటీ. ఒక్క ఇంటికి పది మంది. ఈమెకెవరిస్తరు?" అని, ఆవిడ మొహం చూసి, పాపం ధైర్యం చెప్పబోయాడు. "మీరేం మనసుల పెట్టుకోకుండ్రి. మీరొక్కరేనా? అందరూ గంతే."

ఓదార్పుకే అన్నాడు. కానీ రత్నమాలకి ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. మేం అలాంటివాళ్లం కాదు అని ఇన్నాళ్లూ ఆవిడ గట్టిగా నమ్మింది. పనిమనిషి సత్తెమ్మకి విడిగా గ్లాసు పెట్టని ఇల్లు తమది. అద్దెకొచ్చినవాళ్ల కులం అడగని ఇల్లు తమది. అవన్నీ ఇప్పుడు ఈ స్టూలు మీద మనిషి దగ్గర ఒక్క "గంతే"లో కలిసిపోయాయి. జాకెట్టు గుడ్డలు కొనకుండానే ఆటో ఎక్కేసింది.

గురువారం మధ్యాహ్నం సత్తెమ్మ సంచీ నిండా గోరింటాకు దూసి తెచ్చింది. సందు చివర బోనాల డప్పులు మోగుతున్నాయి. ఆషాఢం అయిపోవస్తోంది, ఇంకా చేతులు పండలేదేంటమ్మా అంటూ ఆకు కడిగి ఇచ్చి, తన పని చూసుకుని వెళ్లిపోయింది. రత్నమాల చింతపండు రెబ్బ వేసి మిక్సీలో మెత్తగా తిప్పింది. తన చేతికి పెట్టుకోబుద్ధి కాలేదు. ముద్దంతా గిన్నెలోకి తీసి, ఇక ఇవాళ చెప్పకుండా కిందికి దిగితే నేను మనిషినే కాదు అనుకుని మెట్లెక్కింది.

రెహెమాకి ఆవేళ సెలవు. గిన్నె చూడగానే కళ్లు పెద్దవి చేసి రెండు చేతులూ చాపేసింది. వాళ్లవైపు కూడా ఇది ఉందట. హీనా అంటారట. వాళ్లమ్మ ఊళ్లో పెళ్లికూతుళ్లకి పుల్లతో పువ్వులు పువ్వులుగా వేస్తుందట. నాకు పువ్వులు రావమ్మా, మాది చందమామే అని రత్నమాల చాప మీద కూర్చుని, ఆ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, అరచేతి మధ్యలో గుండ్రంగా ముద్ద అద్ది, చుట్టూ చుక్కలు పెట్టింది. వేళ్లకి ఒక్కోదానికి టోపీలు తొడిగింది. ఒక చెయ్యి అయింది. చెబుదామనుకుంది. రెండో చెయ్యి అయ్యాక చెబుదాంలే అనుకుంది.

రెండో చెయ్యి పూర్తవుతుండగా ఫోను మోగింది. రెహెమా చేతులు పైకెత్తి నవ్వింది. వాళ్లమ్మే. రత్నమాల ఫోను తీసి ఆ పిల్ల చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. అవతలి గొంతు బొంగురుగా, గట్టిగా ఉంది. మాట అర్థం కాకపోయినా తల్లి గొంతు తల్లి గొంతే. మధ్యలో రెహెమా, ఆంటీ, మా అమ్మ మీతోటి ఒక మాట మాట్లాడ్త అంటున్నది, ఇంటామెకు దండం చెప్పాల్నంట అంది.

రత్నమాల ఫోను తన చెవికి పెట్టుకుంది. అవతల ఆవిడ ఆయాసపడుతూ చాలాసేపు ఏదో చెప్పింది. మధ్య మధ్య రెహెమా పేరు. మళ్లీ మళ్లీ ఒకే మాట, అసంతే, అసంతే అని. అది కృతజ్ఞత చెప్పే మాటని రెహెమా పక్కనుంచి అంది. రత్నమాల సరేనమ్మా, సరేనమ్మా అంటూ ఫోను పెట్టేసింది. ఇక ఆగలేకపోయింది.

"రెహెమా, ఈ ఇల్లు శ్రావణానికి వేరేవాళ్లకి ఇచ్చేశాం. నువ్వు రాకముందే ఇచ్చేశాం. నీకు చెప్పలేదు."

చెప్పేసింది. ఇంత చిన్న మాటా అనిపించింది. ఆ పిల్ల ఏడుస్తుందనో, అరుస్తుందనో తల వంచుకుని కూర్చుంది. ఆ పిల్ల చేతులు అలాగే గాల్లో పట్టుకుని, ముద్ద జారిపోకుండా వేళ్లు విడదీసుకుంటూ, నెమ్మదిగా అంది.

"నాకు ఎరుకే ఆంటీ."

"ఎవరు చెప్పారు? సురేందరా?"

"ఎవ్వరు చెప్పలే. ఆషాఢంల ఇచ్చిండ్రు కద." ఆమె గొంతులో కోపం లేదు, అదే రత్నమాల భరించలేకపోయింది. "పోయినేడు భాద్రపదంల ఒక ఇల్లు ఇచ్చిండ్రు. దసరా ముంగట పొమ్మన్నరు. మల్ల పుష్యంల ఒకటి దొరికింది. మీరు ఎవ్వరు దిగని నెలలు నాకు ఇస్తరు. మీ నెలలన్ని నాకు తెలుసు. నడుమల ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల ఉంట. నాకైతే ఏం కాదు. హాస్టల్ల అమ్మను పెట్టనియ్యరు. అమ్మకు శ్రావణంలనే డేట్ ఇచ్చిండ్రు. గా శ్రావణం ఒక్కటే కష్టం."

ఇంటాయనకి కూడా అంత బాగా తెలియదు పంచాంగం.

"తెలిసీ ఆ కడ్డీలు ఎందుకు వేయించావు తల్లీ?"

రెహెమా కంట్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తి, గోరింటాకు గుర్తొచ్చి దించేసింది. భుజానికి చెంప రాసుకుంది.

"నెల చూస్తరు కద, నేనెట్ల ఉంటనో. చూస్తే మీరే ఉండుమంటరనుకున్న."

మెట్లు, జిడ్డు పలకలు, వండుకోని చేపలు. అన్నీ ఒక్కసారి రత్నమాల మీద పడ్డాయి. ఇల్లు అద్దెకిచ్చామనుకుంది ఇన్నాళ్లూ. ఈ పిల్ల నెల రోజులుగా పరీక్ష రాస్తోంది. పేపరు దిద్దేవాళ్లు మాత్రం ముందే మార్కులు వేసి కూర్చున్నారు. ఛీ, ఏం బతుకు అనుకుంది. పైట చెంగుతో ఆ పిల్ల కళ్లు తుడుద్దామని చెయ్యి వచ్చింది కానీ, ఆ హక్కు తనకి ఉందా అని మధ్యలోనే ఆగిపోయింది. గిన్నె తీసుకుని లేచింది.

కింద హనుమత్ప్రసాద్‌తో ఆ సాయంత్రమంతా గొడవే. గొంతు పెంచని గొడవ. అడ్వాన్సు తీసుకున్నాక మాట తప్పుతామా అన్నాడు. రెండు మాటల్లో ఏదో ఒకటి తప్పాల్సిందే, ఏది తప్పితే ఆ మనిషి రోడ్డున పడుతుందో చూడండి అంది రత్నమాల. నేనేం కొత్తగా చేశాను, అందరూ చేసేదే కదా అన్నాడు. అవునండీ, బ్రోకరు కూడా అదే అన్నాడు అంది. ఆయనకి అది ఎక్కడో తగిలినట్టుంది, చెంబెడు నీళ్లు తాగి, నీ ఇష్టం, దివ్యశ్రీకి నువ్వే చెప్పుకో అని వరండాలోకి వెళ్లిపోయాడు. ఈసారీ చెప్పాల్సింది తనే.

దివ్యశ్రీ ఫోనెత్తగానే సంతోషంగా మొదలుపెట్టింది. ముహూర్తం పెట్టించుకున్నారట, పాలగిన్నె కొత్తది కొన్నారట. రత్నమాల మధ్యలో ఆపి, ఇల్లు ఇవ్వలేకపోతున్నాం, అడ్వాన్సు రేపే పంపేస్తాం అంది. మేం వేరే ఇల్లు వదులుకుని మీది తీసుకున్నాం ఆంటీ, ఇప్పుడు చెబితే ఎలా అంది దివ్యశ్రీ. ఆ పిల్ల అన్నదాంట్లో ఒక్క తప్పు మాట లేదు. రత్నమాల అన్నీ పడింది. ఆఖరికి దివ్యశ్రీ, ఇంతకీ ఎవరికిచ్చారు అని అడిగింది.

ఉన్నది చెప్పొచ్చు. నోరు తెరిచింది కూడా.

"మా చుట్టాలేనమ్మా. ఊరి నుంచి వస్తున్నారు" అంది.

ఫోను పెట్టాక చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. ఇల్లు ఇవ్వగలిగింది. ఎవరికిచ్చిందో చెప్పలేకపోయింది. చేసిన మంచి పని కూడా దొంగపనిలా చేసినందుకు మొహం కడుక్కున్నా పోని సిగ్గేసింది.

అయినా శుక్రవారం పొద్దున మెట్లెక్కేటప్పుడు కొంచెం ఉత్సాహం లేకపోలేదు. మనిషన్నాక ఆశ. ఆ పిల్ల చేతులు పట్టుకుంటుందనీ, వాళ్లమ్మకి ఫోను చేస్తుందనీ ఊహించుకుంది. తలుపు తీసిన రెహెమా వెనకాల రెండు అట్టపెట్టెలు సగం సర్ది ఉన్నాయి. చేతులు ఎర్రగా, దాదాపు నల్లగా పండాయి.

"నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదమ్మా. వాళ్లకి వద్దని చెప్పేశాం. మీ అమ్మ వచ్చి ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండండి."

రెహెమా నవ్వలేదు. కొత్త రోగి చెప్పేది వింటున్నంత శ్రద్ధగా ఆవిడ మొహం చూసింది. థాంక్స్ ఆంటీ అంది. తలుపు ఇంకాస్త తెరవలేదు, లోపలికి రమ్మనలేదు.

"కాగితం రాసియ్యుండ్రి. అగ్రిమెంటు, అంకుల్ సంతకం. ఫారినోళ్లం కద, పోలీసోళ్లకు ఆన్‌లైన్ల నా పేరు సుత ఎక్కియ్యాలె. గవి అయినంక పెట్టెలు ఇప్పుత."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. రత్నమాలకి మొదట ఇంత చేశాక కూడానా అనిపించింది. ఆ అనిపించడం ఎంతోసేపు నిలవలేదు. ఏం చేసింది తను? ఇవ్వాల్సిన ఇల్లు, ఆలస్యంగా, అబద్ధమాడి ఇచ్చింది. సరేనమ్మా అని దిగి వచ్చింది.

హనుమత్ప్రసాద్ కాఫీ తాగుతున్నాడు. స్టాంపు పేపరు తీసుకురావాలి, ఇవాళే అగ్రిమెంటు రాయాలి, పదకొండు నెలలకి, అని చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఇవాళ అమావాస్య, ఏ కాగితం మీదా సంతకం పెట్టేది లేదన్నాడు. ఆ అమ్మాయి పెట్టెలు ఇవాళే సర్దుకుంటోంది, కాబట్టి ఇవాళే పెట్టాలి అంది రత్నమాల. ఆయనకి నిజంగానే బాధ కలిగింది. ఉండమన్నాం కదా, పెద్దవాళ్లం చెప్పాం కదా అన్నాడు.

"ఏంటి రత్నం, మన మాట చాలదా ఆ అమ్మాయికి?"

"చాలదండీ" అంది రత్నమాల, ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెడుతూ.